స్టాపర్‌ని ముందుకు పంపిన మాస్టారు: రహీం, జర్నైల్, మన గయాన్

పోస్టు పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి. మధ్యలో కబడ్డీ, వెయిట్‌లిఫ్టింగ్ కూడా వస్తాయి కాబట్టి ఫుట్‌బాల్ తెలియని వాళ్లు కూడా దాటేయొద్దు.

ఇది రాయడానికి కారణం ఒక గుంటడు. కురుపాం వైపు కొండ మీద ఊరు, జాతాపు పిల్లడు, నెల్లిమర్లలో ఉండి చదువుకుంటున్నాడు. వాళ్ల జట్టులో వెనకాల స్టాపర్‌గా ఆడతాడు. మనిషి పొట్టి, కానీ గట్టి. బంతి పట్టుకుని ఎవడైనా వస్తున్నాడంటే ఆగడు, ఎదురెళ్లి పడిపోతాడు. పాత మాస్టారు వీడికి "గోడ" అని పేరు పెట్టారు. ఈ ఏడాది మధ్యలో ఆయనకి బదిలీ అయింది. కొత్తగా వచ్చిన ఆయన మొదటి వారంలోనే వీడి ఆట చూసి "ఇది ఫుట్‌బాలా, కుస్తీయా? మీ కొండోళ్లకి మొరటుతనం తప్ప ఏం రాదా?" అన్నారంట. రెండు మ్యాచులు బయట కూర్చోబెట్టారు. తర్వాత ఆడించారు గానీ, రెండడుగులు వెనక్కి ఉండు, మీద పడకు అని చెప్పారు. ఆ రోజు రాత్రి వాడు నాకు పంపిన మెసేజ్ ఇది: "అన్నా, ముందుకెళ్తే తిడతన్నారు, ఎనక్కుంటే గోల్ అయిపోతంది. ఏటి సెయ్యాలో తెల్డం లేదు."

నేను ఆటగాణ్ణి కాదు, చరిత్ర చదువుకున్నవాణ్ణి. వాడికి ఏ కాలు ఎక్కడ పెట్టాలో నేను చెప్పలేను. కానీ ఇదే ఇరకాటం ఇంతకు ముందు ఎవరెవరికి వచ్చిందో చెప్పగలను. దూకుడుగా ఆడే డిఫెండర్ ఉన్నాడు, కోచ్ మారాడు, లేదా కోచ్ మనసు మారింది. అప్పుడు ఆ ఆటగాడు ఏమవుతాడు? ఈ ప్రశ్నకి మన తెలుగు నేల మీదే ఒక పెద్ద కథ ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం అది నాకు కనపడలేదు.

సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ముందు ఆయన బడి పంతులు, ఆ తర్వాతే కోచ్. ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున ఆడారు, స్కూళ్లలో పాఠాలు చెప్పారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1950 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్‌గా ఉన్నారు. 1950 నుంచి 1954 వరకు వరసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్ ఆ జట్టుదే. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ని ఓడించి గెలిచినప్పుడు, దక్షిణాది నుంచి వచ్చిన ఒక పోలీసు జట్టు ఇంత ఆడుతుందని బెంగాల్ వాళ్లు అనుకోలేదు.

రహీం పద్ధతి గురించి ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే అసలు కథకి తాళం చెవి అదే. ఆయన హైదరాబాద్‌లో విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని డ్రిబుల్ చేయకూడదు, అందుకుని ఇచ్చేయాలి. ఇంకో పోటీలో అలవాటైన కాలితో తన్నకూడదు, రెండో కాలితోనే ఆడాలి. కుడికాలి వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో. ఊహించుకోండి, మొదటి పది నిమిషాలు చూసేవాళ్లకి నవ్వాగదు. కానీ ఒక సీజన్ గడిచేసరికి ఆ కుర్రాడికి రెండు కాళ్లూ వచ్చేవి. "నువ్వు ఇలా ఆడకు" అని తిట్టి ఊరుకునే మనిషి కాదాయన. అలా ఆడడం కుదరని ఆట పెట్టి, రెండోది నేర్పించేవారు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

పిల్లల్ని వెతికి పట్టుకోవడం కూడా ఆయనకి తెలుసు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అని పేద ఇంటి కుర్రాడు. సెలక్షన్‌కి రమ్మంటే అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడు. రహీం సైకిల్ అద్దెకి డబ్బులిచ్చి రప్పించారు. ఆ బలరామే తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు. హాస్టల్ పిల్లలకి ఈ సైకిల్ అద్దె సంగతి వేరే వివరించక్కర్లేదు.

ఇక దేశం జట్టు. రహీం శిక్షణలో 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్ మీద 1-0తో బంగారు పతకం. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లేవియా చేతిలో 10-1తో చిత్తు. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు, అక్కడేమో చలి, తడి నేల. ఆ దెబ్బ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీస్‌కి వెళ్లారు, నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఈ రోజుకీ అదే ఎక్కువ. ఆ జట్టులో హైదరాబాద్ కుర్రాళ్లు కుప్పగా ఉన్నారు.

ఇప్పుడు మన గుంటడి లాంటి ఆటగాడి దగ్గరికి వద్దాం. జర్నైల్ సింగ్, పంజాబీ సిక్కు. 1959 నుంచి మోహన్ బగాన్‌కి స్టాపర్. ఆ రోజుల్లో అతని ట్యాకిల్ అంటే ఫార్వర్డ్‌లకి భయం. ఒక సంగతి మరిచిపోకూడదు: అప్పటికి పసుపు కార్డు, ఎర్ర కార్డు లేవు, అవి 1970 ప్రపంచ కప్‌తో వచ్చాయి. ఆ ప్రపంచ కప్ దాకా అక్కడ బదులు ఆటగాణ్ణి దింపడం కూడా లేదు. దెబ్బ తగిలితే కట్టు కట్టుకుని ఆడాలి, లేదా పదిమందితో సరిపెట్టుకోవాలి. అలాంటి ఆటలో దూకుడు డిఫెండర్ విలువ ఇప్పటి లెక్కలో అర్థం కాదు.

1962, జకార్తా ఆసియా క్రీడలు. రహీం ఒంట్లో అప్పటికే క్యాన్సర్ ఉంది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. రెండోది థాయిలాండ్ మీద, 4-1తో గెలిచాం గానీ జర్నైల్ తల పగిలింది, 6 కుట్లు పడ్డాయి. తర్వాత జపాన్ మీద 2-0. సెమీఫైనల్ దక్షిణ వియత్నాంతో. స్టాపర్ తలకి కుట్లు. అలాంటి మనిషిని ఏం చేస్తారు? మామూలు కోచ్ అయితే రెండే దార్లు: విశ్రాంతి ఇవ్వడం, లేదా దేవుడి మీద భారం వేసి వెనకాల నిలబెట్టడం.

రహీం మూడో దారి తీశారు. జర్నైల్‌ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు.

ఎందుకలా? ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను, నాకు అర్థమైనంతలో చెప్తా. వెనకాల నిలబడ్డ డిఫెండర్ ఒక్క తప్పు చేస్తే గోల్ పోతుంది. ముందున్నవాడు పది తప్పులు చేసినా ఒక్కటి తగిలితే చాలు. కుట్లతో ఉన్న మనిషి ఒక్కసారి తడబడితే వెనకాల కొంప మునుగుతుంది, ముందైతే మునగదు. రెండోది ఇంకా ముఖ్యం. ఎదుటి జట్టు డిఫెండర్లకి నాజూకు ఫార్వర్డ్‌లని ఆపడం తెలుసు. ఎత్తుగా, బరువుగా, ఎదురొస్తే పక్కకి తప్పుకోని మనిషి వాళ్ల గోల్ ముందే తిరుగుతుంటే ఎలా ఆపాలో తెలియదు. అంటే జర్నైల్ దూకుడు ఆపేయలేదు రహీం. దూకుడు ఎక్కడ ఖర్చుపెట్టాలో ఆ చోటు మార్చారు.

సెమీస్‌లో 3-2 గెలుపు, జర్నైల్ ఒక గోల్ కొట్టాడు. ఫైనల్ సెప్టెంబర్ 4న, మళ్లీ అదే దక్షిణ కొరియాతో. స్టేడియంలో లక్షమంది, వాళ్లలో మన వైపు మాట్లాడేవాడు లేడు. తైవాన్, ఇజ్రాయెల్ ఆటగాళ్లని ఇండోనేషియా రానివ్వకపోవడం మీద భారత ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పారని ఆ ఊరు ఊరంతా మన మీద కోపంగా ఉంది, మన రాయబార కార్యాలయం మీదకి కూడా జనం వెళ్లారు. ఆ జనం మధ్యలో మనకి చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టంట! (రాజకీయాలు చేసేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.) మొదటి 20 నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. చివర్లో కొరియా ఒకటి తిరిగిచ్చింది. 2-1. బంగారం. 60 ఏళ్లు దాటింది, ఆసియా క్రీడల్లో మన పురుషుల ఫుట్‌బాల్ జట్టు మళ్లీ బంగారం ముట్టలేదు.

9 నెలలకి, 1963 జూన్ 11న రహీం చనిపోయారు.

కోచ్ మార్పు అంటే ఇదీ. బదిలీ కాదు, చావు. తర్వాత హ్యారీ రైట్ అనే ఇంగ్లీషు కోచ్ వచ్చారు. 1964లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన జట్టు రెండో స్థానంలో నిలిచింది, అది తక్కువేం కాదు. కానీ జర్నైల్? మళ్లీ స్టాపరే. మంచి స్టాపర్, ఆ ఏడు అర్జున అవార్డు వచ్చింది, తర్వాత దేశానికి కెప్టెన్ అయ్యాడు, ఆసియా ఆల్‌స్టార్ జట్టుకి కూడా కెప్టెన్‌గా ఉన్నాడు. అతని ఆట పడిపోలేదు. కాకపోతే ఫైనల్లో గోల్ కొట్టిన ఆ రెండో జర్నైల్ ఉన్నాడు చూడండి, వాడు జకార్తాలోనే ఉండిపోయాడు. ఒక కోచ్ ఒక మనిషిలో చూసింది ఇంకో కోచ్‌కి కనపడాలని రూలేమీ లేదు. కొత్తాయన తప్పు అని కూడా అనలేం. ఆయనకి కావలసింది వెనకాల గోడ, గోడ దొరికింది, అక్కడ పెట్టుకున్నారు.

కానీ జట్టు మొత్తానికి చూస్తే దెబ్బ తగిలింది. హైదరాబాద్ సిటీ పోలీస్ వెలుగు మెల్లగా తగ్గిపోయింది. 1966 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మనవాళ్లు మొదటి దశలోనే ఇంటికొచ్చేశారు. 1970లో కాంస్యం వచ్చింది, అప్పుడు కెప్టెన్ హైదరాబాద్ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన పురుషులకి ఆఖరి పతకం అదే. ఆ నయీముద్దీనే తర్వాత కోచ్ అయి ద్రోణాచార్య అవార్డు తీసుకున్నాడు, క్రమశిక్షణలో మహా గట్టివాడని పేరు.

ఇప్పుడు సముద్రం దాటదాం. ఎందుకంటే ఇదే కథ ఒక ఆదివాసీ కుర్రాడికి జరిగింది, అదీ అచ్చంగా మన గుంటడి లాంటి వాడికి.

అమెరికా వాళ్లు ఫుట్‌బాల్ అనేది మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారం బంతి, చేత్తో పట్టుకుని పరుగు. అందులో లైన్‌మన్ అని ఉంటారు, గీత మీద ఎదురెదురుగా వంగి కూర్చుని, బంతి కదలగానే ఒకరినొకరు తోసుకునే వాళ్లు. బంతి వాళ్ల చేతికి రాదు, పేరూ రాదు. కబడ్డీలో కార్నర్ పట్టేవాడు, కవర్ తగిలేవాడు ఉంటాడు కదా, రైడర్‌కి ఈలలు, వీడికి మోకాలి దెబ్బలు. అలాంటి పని.

పెన్సిల్వేనియాలో కార్లైల్ అని ఇండియన్ పిల్లల రెసిడెన్షియల్ స్కూల్ 1879లో పెట్టారు. ఇండియన్ అంటే మనం కాదు, అక్కడి మూలవాసులు. పిల్లల్ని ఊళ్ల నుంచి తెచ్చి, జుట్టు కత్తిరించి, పేరు మార్చి, భాష మాన్పించి 'నాగరికుల్ని' చేసే బడి. ఆ బడి ఫుట్‌బాల్ జట్టు పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల్ని ఓడించేది. కోచ్ పేరు పాప్ వార్నర్. జట్టులో జిమ్ థోర్ప్ అనే జగమెరిగిన వీరుడు. 1912 నవంబర్‌లో సైనిక అకాడమీ జట్టుని వీళ్లు 27-6తో ఓడించారు. ఓడిన జట్టులో ఐసెన్‌హోవర్ అనే కుర్రాడున్నాడు, తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఆనాటి పత్రికలు ఈ పిల్లల ఆట గురించి రాసేటప్పుడు మామూలు మాటలు వాడేవి కావు. గొడ్డళ్లు, యుద్ధ నృత్యాలు, అడవి మనుషులు. "కొండోళ్లకి మొరటుతనం తప్ప" అన్న మాట విన్నప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది ఇదే. తెల్ల కుర్రాడు గుద్దితే ధైర్యం, వీళ్లు గుద్దితే జాతి లక్షణం.

ఆ 1912 జట్టులో జో గయాన్ ఉన్నాడు. ఒజిబ్వే తెగ, మిన్నెసోటాలో వైట్ ఎర్త్ రిజర్వేషన్ వాడు. ఆడేది ట్యాకిల్ స్థానం, అంటే లైన్‌మన్. బంతి థోర్ప్ చేతిలో, దారి చేసే పని గయాన్‌ది. 1913లో థోర్ప్ వెళ్లిపోయాడు. వార్నర్ ఏం చేశాడు? గయాన్‌ని లైన్ నుంచి లేపి థోర్ప్ చోటులో, హాఫ్‌బ్యాక్‌గా పెట్టాడు. ఇన్నాళ్లూ తోసినవాడు ఇప్పుడు బంతి పట్టుకుని పరిగెత్తాడు. ఆ ఏడాదే దేశంలో మేటి ఆటగాళ్ల రెండో జట్టులోకి ఎక్కాడు.

అంతవరకు వార్నర్ కూడా రహీం లాగే అనిపిస్తాడు కదా? ఆగండి. 1914లో అదే బడి విద్యార్థులు రెండు వందల మందికి పైగా సంతకాలు పెట్టి విచారణ కావాలని అడిగారు. ముందు నిలబడింది ఆ జట్టు క్వార్టర్‌బ్యాకే, గస్ వెల్చ్, అతనూ ఒజిబ్వే. విచారణలో ఆటగాళ్లు కోచ్ బూతులు తిడతాడని, కొడతాడని సాక్ష్యం చెప్పారు. ఆట నిధుల లెక్కల మీద కూడా ప్రశ్నలు వచ్చాయి. వార్నర్ పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. 1918లో బడే మూతపడింది. చోటు సరిగ్గా చూడగలగడం వేరు, మనిషిని మనిషిగా చూడడం వేరు. రెండూ ఒకే కోచ్‌లో ఉంటాయన్న భరోసా లేదు. నాకైతే ఈ మొత్తం చరిత్రలో గస్ వెల్చ్ సంతకాల కాగితమే అన్ని టచ్‌డౌన్ల కంటే పెద్దది.

గయాన్ తర్వాత జార్జియా టెక్‌కి వెళ్లాడు, అక్కడ కోచ్ జాన్ హైస్‌మన్. 1917లో హాఫ్‌బ్యాక్‌గా ఆడించాడు, ఆ ఏడు జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, వేసిన పాయింట్లు 491, ఇచ్చినవి 17. 1918లో అదే హైస్‌మన్ గయాన్‌ని మళ్లీ లైన్‌లోకి, ట్యాకిల్‌గా పంపాడు. అక్కడ కూడా ఆల్ అమెరికా జట్టుకి ఎంపికయ్యాడు! అంటే లైన్, బ్యాక్, మళ్లీ లైన్. ముందుకి పంపినా వెనక్కి పంపినా వాడు వాడే. ఆ ఏడాది జార్జియా టెక్‌ని 32-0తో ఓడించిన జట్టు ఏదో తెలుసా? పిట్స్‌బర్గ్. కోచ్ వార్నర్.

గయాన్ 1927లో న్యూయార్క్ జెయింట్స్‌తో కలిసి వృత్తి లీగ్ గెలిచాడు, 1966లో వృత్తి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

మనవాళ్ల పేరు కూడా ఒకటి. 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో బంగారం గెలిచిన హాకీ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. మన జైపాల్ సింగే, రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున నిలబడ్డాయన. ఆయన ఆడింది ఎక్కడనుకున్నారు? వెనకాల, ఫుల్‌బ్యాక్. ఆయనకీ జట్టు యాజమాన్యానికీ పడలేదు, ఫైనల్ దాకా ఉండకుండానే జట్టు వదిలి వెళ్లిపోయారు. దాని మీద ఇంకో పోస్టు రాయొచ్చు.

మళ్లీ నెల్లిమర్ల. ఈ మండలంలోనే కొండవెలగాడ ఉంది, బరువులెత్తే ఊరు అని అందరికీ తెలుసు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. ముందు కాంస్యం అన్నారు, మొదటి స్థానం వచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికాక అది వెండి అయింది. నేను అక్కడికి వెళ్లినప్పుడల్లా ఒకటే అనుకుంటాను. ఆ ఊళ్లో మాస్టారు మారినా సాధన ఆగదు, ఎందుకంటే నేర్చుకున్న అక్కలు, అన్నలు అక్కడే ఉంటారు, చిన్నవాళ్లకి వాళ్లే చూపిస్తారు. మన హాస్టళ్లలో అలా కాదు. మాస్టారికి బదిలీ అయితే ఆయన మన గురించి తెలుసుకున్నదంతా ఆయన సూట్‌కేసులోనే వెళ్లిపోతుంది. కొత్తాయనకి మనం మళ్లీ మొదటి రోజు. మన ఒళ్లు, మన ఊరు, మన మాట తీరు చూసి ఆయన ఏదనుకుంటే అది. పైగా సీజన్ మధ్యలో.

అందుకే ఆ గుంటడికి నేను రాసిన జవాబు ఇది. పాత మాస్టారి ఫోన్ నంబర్ సంపాదించి, నీ గురించి ఆయన గమనించింది నాలుగు ముక్కలు కొత్త మాస్టారికి చెప్పమని అడుగు. ఆయన అన్న ఆ కొండోళ్ల మాట మాత్రం ఊరికే వదలొద్దు. నువ్వొక్కడివే వెళ్లకు, జట్టంతా కలిసి వెళ్లి, మర్యాదగా, ఆ మాట మాకు నచ్చలేదండీ అని చెప్పండి. ఆట సంగతి వేరు. వెనక్కి ఉండమన్నది ఆయన కోపంతో అన్నారో, నిజంగా నీ ఫౌళ్లు లెక్కపెట్టి అన్నారో కనుక్కో. ఇప్పుడు కార్డులున్నాయి, జర్నైల్ రోజులు కావు. రెండో కాలితో ఆడడం రోజూ అరగంట సాధన చెయ్యి, దానికి ఎవడి అనుమతీ అక్కర్లేదు.

నిన్న రాత్రి మళ్లీ మెసేజ్ వచ్చింది. జట్టు మొత్తం వెళ్లారంట. మాస్టారు కాసేపు మాట్లాడలేదంట, తర్వాత "సరే, కూర్చోండి" అన్నారంట. ఆదివారం విజయనగరంలో మ్యాచ్ ఉంది. ఏ చోట ఆడిస్తారో ఇంకా చెప్పలేదు. "ఎడం కాలు నొప్పెడతంది అన్నా" అని చివర్లో రాశాడు.

చుట్టుపక్కల ఉన్నవాళ్లు వీలైతే వెళ్లండి. నేను పొద్దున్న పాసింజర్‌కి వస్తున్నా.